ఇరవైరెండు మంది మేస్త్రీలు

సిరిసిల్ల ఆసు గల్లీలో నేత కార్మికులు ఉంటారు, నేతలు వచ్చిపోతుంటారు. కార్మికులు బట్టలు నేస్తారు, నేతలు మాటలు నేస్తారు. బట్ట పది ఉతుకులకు వెలిస్తే, మాట ఉతకకముందే వెలిసిపోతుంది. గల్లీకి రెండు వైపులా సాంచెల షెడ్లే. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. అలాంటి రెండు షెడ్ల నడుమ, ఒకప్పుడు నూలు బేళ్లు పడేసుకున్న పొడుగాటి గదిలో బాలవాడి నడిచేది. బాలవాడిలో వాడీ ఉంది, వేడీ ఉంది. లేనివల్లా బల్ల, పలక, బొమ్మ.

టీచరు షంషున్నీసా. కోరుట్ల పిల్ల. జగిత్యాలలో మూడు నెలలు శిక్షణ పొందింది. శిక్షణలో చివరి అక్షరం జగిత్యాలలోనే వదిలేసి మిగిలింది సిరిసిల్లకు తెచ్చుకుందని గల్లీ వాళ్లు నవ్వేవాళ్లు. ఆమెకు తోడు ఆయా కొమురవ్వ. నూలు కండెలు చుట్టీ చుట్టీ కండ కరిగాక ఈ పనిలో చేరింది. ఆయాకు ఆయం తక్కువ, ఆయాసం ఎక్కువ. ఉప్మా కలిపేది, ముక్కులు తుడిచేది, మధ్యాహ్నం పిల్లలకంటే ముందే నిద్రపోయేది.

పిల్లలు ఇరవైరెండు మంది. అందరూ మూడేళ్లకు పైన, అయిదేళ్లకు లోపల. రెండేళ్లలో బాలవాడి మూడు గదులు మారింది. మొదటి గదిని పెళ్లివాళ్లు అడిగారు. రెండో గది కప్పు వానకు కిందికి దిగింది. మూడో గది ఎదుట ఒకసారి పోలీసు జీపు ఆగిందని ఇంటివాడే పైకి లేచి ఖాళీ చెయ్యమన్నాడు. స్టేషన్ ముందు ఇసుక బస్తాలు పేర్చిన సంవత్సరాలవి. జీపు ఎవరింటి ముందు ఆగినా ఆ ఇంట్లో పొయ్యి ఆగేది. నాలుగోది ఈ గది. ఎనిమిది సాంచెల ఆసామి హన్మండ్లుది. ఇచ్చేటప్పుడే ఆయన ఒక మాట చెప్పాడు.

"బిడ్డా, గది నీదే అనుకో. గని పంచాయితి మాత్రం నాది గాదు. నా గడప ముందల జీపు ఆగిన్నాడు గాని, అడివిల అన్నలు నా పేరు అడిగిన్నాడు గాని, నువ్వు నీ పిల్లలు వేరే జాగ చూసుకోవాలె."

వేరే జాగ లేదు. షంషున్నీసా గల్లీ గల్లీ తిరిగి చూసిన సంగతే అది. ఈ గది పోతే పిల్లలు మళ్లీ తల్లుల వెంట షెడ్లలోకి, తిరిగే బెల్టుల కిందికి పోతారు. పోచవ్వ సంగతి అందరికీ తెలుసు. పేరుకు అవ్వ, వయసుకు నాలుగేళ్లు. పోయినేడు అమ్మ పక్కన ఆడుకుంటుంటే బెల్టు ఆ పిల్ల జుట్టు పిడికెడు లాక్కుపోయింది. తల మిగిలింది. రూపాయి బిళ్లంత బోడి మచ్చ మీద పోచవ్వ ఎప్పుడూ చెయ్యి పెట్టుకుని తిరిగేది.

బొమ్మలు లేని బడిలో బొమ్మలు వాటంతటవే పుట్టాయి. షెడ్లలో నూలు అయిపోయిన కాగితం కోన్లు, విరిగిన కర్ర కండెలు, కొసలు తెగిన రంగు నూలు రోజుకు గంపెడు బయటపడేవి. కోన్లు అంటారే గానీ కొన్నది ఒక్కటీ లేదు. మొదటి కోనును గది నడుమ బోర్లించింది పాషా. వాళ్ల నాయన ఫక్రుద్దీన్ గడియారాలు బాగుచేస్తాడు. పిల్లాడు మాత్రం ఒక్కపూట కూడా వేళకు రాడు.

"ఇల్లు" అన్నాడు పాషా.

లీల అనే పిల్ల దాని పక్కన అగ్గిపెట్టె పెట్టింది. "ఇంటికి కుక్క" అంది.

"కుక్కకు ఇల్లేది?" అన్నాడు మల్లన్న. మూడున్నరేళ్లవాడు. వాడికి ఎవరికి ఇల్లు లేకపోయినా ఏడుపొచ్చేది. కుక్కకు ఇల్లు కట్టారు. కుక్క ఇంటికి గోడ, గోడకు పిల్లి, పిల్లికి పాలు, పాలకు బర్రె, బర్రెకు చెరువు. సాయంత్రానికి ఒక వీధి అయింది. వారానికి ఊరయింది. గది సగం ఊరు, సగం పిల్లలు. పడుకోవాలంటే ఊరి పొలిమేరలో పడుకోవాలి.

ఆ ఊరికి ఒక కట్టుబాటుంది. అది పిల్లలు పెట్టింది కాదు, ఆసు గల్లీది. తెల్లారగానే గల్లీలో పడుగు చాస్తారు. పడుగంటే బట్టకు నిలువు దారాలు. వాటిని గల్లీ పొడవునా గుంజలకు లాగికట్టి గంజి పెడతారు. వేల పోగుల్లో ఒకటో రెండో తెగుతాయి. తెగిన పోగు ఎవరి కంటపడితే వాళ్లే ఆగి అతకాలి. పడుగు ఎవరిదైనా సరే, పోయేది ఎంత తొందర పనైనా సరే. ఒకసారి పెళ్లి బరాతు ఆగింది, పెళ్లికొడుకు బాసింగం వెనక్కి తోసుకుని పోగు అతికి పోయాడు. చూసీ చూడనట్టు పోయినవాడి ఇంట దారం నిలవదంటారు. దారమే ఆధారమైన గల్లీలో అంతకంటే పెద్ద శాపనార్థం లేదు.

పిల్లలు ఇంటినుంచి ఇంటికి నూలు పోగులు లాగి ఊరంతా కలిపారు. ఎవరి కాలో తగిలి రోజుకు పది తెగేవి. గదిలోకి ఎవరొచ్చినా ముందు ఒక పోగు అతకాలి, తర్వాతే మాట. పోస్టుమ్యాను అతికాడు. సూదిమందు వేయడానికి వచ్చిన నర్సమ్మ అతికింది, పిల్లలు ఏడుపు మధ్యలో ఆపి ఆమె ముడి సరిగ్గా ఉందో లేదో చూశారు. హన్మండ్లు కూడా వంగి ఒకటి అతికి, "నడుం ఇరిగె మీ ఊరు పాడుగాను" అని తిట్టి, మరునాడు మళ్లీ వచ్చి ఇంకోటి అతికేవాడు.

మధ్యాహ్నాలు ఆ గది గదిలా ఉండేది కాదు. షెడ్ల నుంచి దూది నలుసులు వచ్చి గాలిలో తేలేవి. పైకి పోవు, కిందికి రావు. పెంకుల నడుమ బిగించిన ఒక్క అద్దం పెంకులోంచి అరచేయంత ఎండ దిగేది. ఒంటిగంటకు ఊరి చెరువు మీద పడి, కుక్క ఇల్లు దాటి, బర్రెను పలకరించి, మూడింటికి గోడెక్కి పోయేది. దాన్ని పిల్లలు "పెద్దమనిషి" అనేవారు. "పెద్దమనిషి నా ఇంటికచ్చిండు" అని లీల గుసగుసగా చెబితే పక్కవాళ్లు తలలు వంచి చూసేవారు. అటూ ఇటూ సాంచెలు టకటకమంటుంటే గోడలు ఊగేవి, కోన్లు సన్నగా వణికేవి. నిద్రకు వాలుతున్న పిల్లల కళ్లకు ఊళ్లో జనం నడుస్తున్నట్టే ఉండేది.

ఊరి నడుమ ఒక గోపురంలాంటిది లేచింది. ఎవరూ అనుకుని కట్టింది కాదు. ఒకరి కోను మీద ఒకరు కోను పెట్టారు. "మీద నాది" అంటే "నీ మీద నాది" అన్నారు. పడిపోకుండా చుట్టూ నూలు చుట్టారు. ఆ నెల ఊరంతా ఎర్ర లంగా గుడ్డే నేస్తోంది, ఏ షెడ్డు చెత్త చూసినా ఎర్ర నూలే. కాబట్టి గోపురం ఎర్రగా అయింది. విప్లవం వల్ల కాదు, లంగాల వల్ల. ఉప్మా గుండిగ బోర్లించి దానిమీదెక్కి పెంచారు. టీచరు భుజం దాటింది. చివర్న పాషా అట్టముక్క కత్తిరించి నెలవంక, చుక్క పెట్టాడు. వాళ్లింటి క్యాలెండర్‌లో మినారు మీద అలాగే ఉంటుంది మరి.

మరునాడు పోగు అతకడానికి వచ్చిన హన్మండ్లు కిటికీ దగ్గరే కొయ్యబారిపోయాడు.

"బిడ్డా! గిదేంది?"

"పిల్లలు కట్టిన్రు కాకా. టవరట."

"టవరు గాదే తల్లీ, గిది పవరు! ఎర్రగున్నది. పొడుగున్నది. మీద కొడవలి, పక్కన చుక్క. గిది స్తూపం గాదా?"

"కొడవలి గాదు కాకా, నెలవంక."

"నీకు నెలవంక, నాకు నెలవంక. ఎస్సైకి?"

షంషున్నీసా గోపురం వైపు చూసింది. నిన్నటిదాకా కోన్ల కుప్పలా కనిపించింది ఇప్పుడు ఎటునుంచి చూసినా స్తూపమే. ఆ రోజుల్లో ఊళ్ల మొగదలలో అలాంటి ఎర్ర స్తూపాలు లేచేవి, కాల్పుల్లో పోయినవాళ్ల పేర్లతో. అన్నలు కట్టేవాళ్లు, పోలీసులు కొట్టేవాళ్లు, మళ్లీ కట్టేవాళ్లు. కట్టుడుకూ కొట్టుడుకూ మధ్య ఉన్నవాళ్లు ఎటూ చూడకుండా నడిచేవాళ్లు.

మాట గల్లీలో పుట్టి బస్టాండుకు పోయేలోగా పెరిగి పెద్దదైంది. బాలవాడిలో స్తూపం లేచిందంట, పిల్లలు పిడికిళ్లెత్తి పాడుతున్నరంట, టీచరమ్మ డప్పు కొడుతున్నదంట. నిజానికి ఆమె ఆ సమయంలో మల్లన్న ముక్కు తుడుస్తోంది.

మరునాడు పొద్దున తలుపు కింద ఒక చీటీ ఉంది. ఎర్ర సిరా. "పిల్లలు కట్టిన స్తూపం ప్రజలది. కూల్చినవాళ్లు ప్రజలకు జవాబు చెప్పాలి." అంతే. సంతకం లేని చీటీకే బరువెక్కువ.

మధ్యాహ్నం కానిస్టేబుల్ రాజమౌళి సైకిలు దిగాడు. వీర్నపల్లివాడు, నేసే సాలోళ్ల ఇంటి పిల్లగాడే. అలవాటుగా ఒక పోగు అతికి, ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"టీచరమ్మా, రేపు పదింటికి సారు అస్తడు. గప్పటికి గా ఎర్రది ఉండద్దు. నేను చెప్పిన్నని చెప్పకు."

"తీస్తే చీటోళ్లు అడుగుతరు గద సారు?"

"ఉంచితే మావోళ్లు అడుగుతరు." రాజమౌళి టోపీ తీసి లోపలికి చూసుకున్నాడు, జవాబు అందులో ఉన్నట్టు. "నన్నడుగకు తల్లీ. నేను మా అవ్వనే అడుగుత, ఏం జెయ్యాలె అని."

హన్మండ్లు రెండూ విన్నాడు. "ఉంచితే జీపు, తీస్తే చీటీ. ఏదైనా అచ్చేది నా గడపకే" అన్నాడు. కోపంగా కాదు, చెమట తుడుచుకుంటూ అన్నాడు. "రేపు ఏదన్న అయ్యిందా, మాపటికి గది ఖాళీ జెయ్యాలె బిడ్డా. నన్ను తిట్టుకో, ఏం ఫరవాలేదు."

ఆ మధ్యాహ్నం పిల్లలూ కొమురవ్వా నిద్రపోయాక షంషున్నీసా గోపురం ముందు కూర్చుంది. విప్పేద్దామనే కూర్చుంది. చిన్నచిన్నగా, ఒక్కొక్క పోగే తీసేస్తే కూల్చినట్టు కాదేమో, విప్పినట్టవుతుందేమో అనుకుంది. కొస కోసం వెతికింది. దొరకలేదు. ఇరవైరెండు మంది చుట్టిన నూలు అది. ఒకరి ముడి మీద ఒకరి ముడి, కొన్ని ముళ్లు పళ్లతో బిగించినవి, ఇంకా తడిగా ఉన్నాయి. వేలితో ఒక పోగు వెంట పోతూ పోతూ ఆమె కనుమూసింది.

ఊరు ఆమె ఎత్తుకు పెరిగింది. లేదా ఆమే అగ్గిపెట్టె అంత అయింది. కోన్ల ఇళ్ల నడుమ నడుస్తోంది. తలుపుల్లేని ఇళ్లు, ఎవరింట్లోంచైనా ఎవరింట్లోకైనా పోవచ్చు. పైన తెల్లగా దూది కురుస్తోంది. చెరువు ఒడ్డున బర్రె ఆమెను చూసి "టీచర్, ఒంటికి పోవాలె" అంది, అచ్చం మల్లన్న గొంతుతో. ఊరి నడుమ ఎర్ర గోపురం ఉంది. దానికి ఒక చోట తెగిన పోగు వేలాడుతోంది. దాన్ని అతకాలని చెయ్యి చాస్తే గోపురం ఇంకా పొడుగైంది. పెద్దమనిషి ఎండ భుజం మీద వెచ్చగా చెయ్యి వేశాడు. ఎక్కడో నీళ్ల చప్పుడు.

నీళ్ల చప్పుడు నిజమే. మల్లన్న చాపమీదే కానిచ్చేశాడు. షంషున్నీసా లేచి చాప ఉతికింది. గోపురం అలాగే ఉండిపోయింది.

మరునాడు పది కొట్టకముందే జీపు వచ్చి హన్మండ్లు గడప ముందు ఆగింది. ఎస్సై అంటే ఎవరైనా ముందు "ఎస్" అనాలి, ఆయన ఏమంటే దానికి "సై" అనాలి. గల్లీలో తలుపులన్నీ ఆ రెండు ముక్కలూ అనేసి మూసుకున్నాయి. ఎస్సై సముద్రం వైపునుంచి వచ్చినవాడు, పొడగరి, నిద్రలేని కళ్లు. బూట్లతో లోపల అడుగు పెట్టబోయాడు.

"ఆగుండ్రి!" అంది పోచవ్వ. మచ్చ మీది చెయ్యి తీసి ఆయన వైపు చాచింది. "పోగు తెగింది. నువ్వు జూసినవ్."

"ఏమిటి?"

"తెగిన పోగు చూసినోడు అతకాలె" అని ఇరవైరెండు గొంతులు అన్నాయి.

ఎస్సై రాజమౌళి వైపు చూశాడు. రాజమౌళి నేల వైపు చూస్తూ, "ఇక్కడి కట్టుబాటు సార్" అని గొణిగాడు.

"ముందు చెప్పండి. ఇదేమిటి, ఈ ఎర్రది?" ఎస్సై వేలు గోపురం మీద ఉంది.

షంషున్నీసా నోరు తెరిచేలోగా జవాబులు వచ్చిపడ్డాయి. గంజి పొయ్యి గొట్టం అంది పోచవ్వ. మినారు అన్నాడు పాషా. లీల జిరాఫీ అంది. "మా అమ్మమ్మ" అంది ఒక పిల్ల, ఎందుకో చెప్పలేదు. మల్లన్న మాత్రం అది ఇల్లు లేని కుక్కలన్నీ ఎక్కి పడుకునే మేడ అని వివరంగా చెప్పాడు. ఎవరి మాటకూ ఎవరూ అడ్డు చెప్పలేదు. అది అన్నీ అయినట్టే ఉంది వాళ్లకు.

"ఎవరు కట్టమన్నారు మీకు? పెద్దవాళ్లెవరైనా వచ్చారా?"

"అచ్చిన్రు" అంది లీల.

షంషున్నీసా లీల చెయ్యి పట్టుకోబోయింది. ఎస్సై ఒక మోకాలు వంచాడు. "ఎవరమ్మా?"

"పోస్టుమ్యాను. నర్సమ్మ. హన్మండ్లు తాత. గీ రాజమౌళి సారు." లీలకు ఒక్క వేలు మిగిలింది. "ఇగో, నువ్వు."

గోడ అవతల సాంచెలు టకటకమంటున్నాయి. దూది నలుసు ఒకటి వచ్చి ఎస్సై మీసం మీద వాలింది. పోచవ్వ తెగిన పోగు రెండు కొసలూ ఆయన వేళ్ల మధ్య పెట్టింది. ఆయన బూటు లేసు కట్టినట్టు కట్టాడు. జారిపోయింది. మళ్లీ కట్టాడు.

"గిదేం ముడి సారు? గట్ల గాదు, మెలెయ్యాలె. ఉమ్ముతోని తడి జెయ్యి ముందుగాల."

"ఉమ్మా?"

"మరి ఎట్ల అతుకుతదనుకున్నవ్?"

అయిదోసారికి ముడి నిలిచింది. పోచవ్వ లాగి చూసి, "ఆ, గిప్పుడు మంచిగైంది" అంది. ఎస్సై కాసేపు అలాగే గొంతుక్కూర్చున్నాడు. అంత కింది నుంచి చూస్తే వీధులు, చెరువు, మేడలు. గోపురం ఆకాశమంత. ఎండ ముక్క ఇంకా ఊళ్లోకి దిగలేదు, అవతలి గోడ మీదే ఉంది. ఆయన ముఖంలో ఎవరో లోపలినుంచి కిటికీ తెరిచినట్టయింది. వెంటనే మూసుకుంది. లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"ఇది స్తూపం కాదు. రాసుకో" అన్నాడు రాజమౌళితో. గడప దాటాక ఆగి, షంషున్నీసా వైపు తిరిగి, "ఇక్కడ ఒక్క పాట వినిపించినా, ఒక్క జెండా కనిపించినా గది ఉండదమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. తాను చెయ్యి కలిపిన కట్టడాన్ని తానే కూల్చడానికి ఏ సెక్షను కింద రాసుకోవాలో ఆయనకు తోచలేదని తర్వాత రాజమౌళి గల్లీలో చెప్పాడు.

జీపు పోయింది. గోపురం నిలిచింది. ఇటు పోలీసుకు అది స్తూపం కాదు, అటు చీటీవాళ్లకు అది కూలలేదు. హన్మండ్లు ఇంట్లో పొయ్యి మళ్లీ వెలిగింది. గోపురం ఉన్నన్నాళ్లు గది ఉంటుంది, గది ఉన్నన్నాళ్లు పిల్లలు బెల్టుల కిందికి పోరు. లెక్క అంత తేలిక అయిపోయింది.

అందుకే షంషున్నీసా ఆ సాయంత్రమే ఎన్నడూ అనని మాట అంది. "ఎవరూ ముట్టద్దు."

గోపురం చుట్టూ సుద్దముక్కతో గీత గీసింది. పిల్లలు గీతకు ఇవతల కూర్చున్నారు. ఒకరోజు, రెండు రోజులు. పోగులు తెగలేదు, ఎవరూ నడవలేదు కాబట్టి. అతికే పని లేదు. పోస్టుమ్యాను వస్తే, "ముట్టద్దంట" అని నీరసంగా చెప్పారు. ఊరి మీద దూది పేరుకుంది. పెద్దమనిషి ఎండ వచ్చినా ఎవరూ గుసగుసలాడలేదు. శుక్రవారానికి ఆ ఊరు ఫోటోలో ఊరిలా అయింది. షంషున్నీసాకు అది తెలియలేదని కాదు. కానీ పోచవ్వ మచ్చ వైపు చూసిన ప్రతిసారీ గీత ఇంకోసారి దిద్దేది.

శనివారం కోరుట్లకు పోయి సోమవారం తిరుగు బస్సెక్కింది. వేములవాడ దగ్గర బస్సు టైరు పోయింది. ఆమె ఆసు గల్లీ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. తలుపు తోస్తే గోపురం లేదు.

గోపురమే కాదు, ఊరే లేదు. చెరువు లేదు, కుక్క ఇల్లు లేదు. గది ఈ కొసనుంచి ఆ కొసదాకా ఎర్రటి పొడుగాటిదొకటి పాకి ఉంది. కోన్లు అడ్డంగా పేర్చి చక్రాలు చేశారు. ఎర్ర నూలు కిటికీల చుట్టూ లాగారు. ఉప్మా గుండిగ ముందు భాగం. దాని మీద కొమురవ్వ కూర్చుని రెండు చేతులతో చాట తిప్పుతోంది.

"కొమురవ్వా!"

"అగో, షంషమ్మ అచ్చింది. ఎక్కు బిడ్డా, బస్సు పోతుంది."

"ఎవలు తీసిన్రు ఇదంత?"

"మేమే" అన్నాయి గొంతులన్నీ ఉత్సాహంగా.

"ఎందుకు తీసిన్రు? ముట్టద్దన్న గద!"

మల్లన్న ఆమె వైపు జాలిగా చూశాడు. "బస్సుకు చక్రాలు కావాలె గద టీచర్."

ఆమె గోడకు ఆనుకుంది. తుపాకులున్న రెండు పక్షాలనుంచీ ఆమె కాపాడుకున్నదాన్ని, కట్టినవాళ్లే పొద్దున్న ఉప్మాకూ మధ్యాహ్నం నిద్రకూ మధ్య విప్పేసి చక్రాలు చేసుకున్నారు. ఏడవాలో నవ్వాలో తెలియక తలుపు మూసింది. కానీ సంగతి అప్పటికే గల్లీ దాటిపోయింది. గంట తిరక్కముందే హన్మండ్లు వచ్చాడు. చేతిలో పెద్ద ఇత్తడి తాళం. ముఖంలో నెత్తురు లేదు.

"ముందుగాలనే చెప్పిన బిడ్డా. కూలిపోయిందని ఊరంత తెలిసింది. గా చీటోళ్లు..."

ఆయన మాట పూర్తి కాలేదు. వెనక పెరటి తలుపులోంచి ఒకతను లోపలికి వచ్చాడు. ముప్పైకి లోపలే. భుజాన తువ్వాలు, మోకాళ్ల దాకా ఎర్ర దుమ్ము. చేతిలో ఏమీ లేదు. ఏమీ లేని చేతినే అందరూ చూశారు. హన్మండ్లు తాళాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

"టీచరమ్మ ఎవరు?"

"నేనే అన్నా."

"చీటీ అందలేదా?"

"అందింది."

"మరి ఎవలు కూలగొట్టిన్రు? పోలీసోళ్లా, ఈ ఆసామా?"

హన్మండ్లు గోడ వైపు జరిగాడు. షంషున్నీసా ఒకడుగు ముందుకు వేసింది. "కాకకు సంబంధం లేదు. అడిగేది ఉంటే నన్ను అడుగు. గది మాత్రం..."

"మేము!" అన్నాడు పాషా, ఆమె కాళ్ల మధ్యనుంచి తల బయటపెట్టి. "మేమే తీసినం. ఎక్కుతవా?"

అతను కిందికి చూశాడు. "ఏంది?"

"బస్సు. గీ సీటు ఖాళీగున్నది. ఎంతసేపు ఆపాలె? డ్రైవర్ తిడుతది."

చాట తిప్పుతున్న కొమురవ్వ, "తిడుత మరి" అంది, అతని వైపు చూడకుండానే.

అతను షంషున్నీసాను చూశాడు. పోచవ్వ వచ్చి అతని చిటికెన వేలు పట్టుకుని, నోరు మెదపకుండా లాక్కుపోయి కోన్ల మధ్య కూర్చోబెట్టింది. అతని మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

"ఏడికి?" అంది లీల. చెవిలో పెన్సిలు ముక్క, చేతిలో చింపిన పాత క్యాలెండర్ కాగితాలు. కండక్టరు.

అతను ఆలోచించాడు. ప్రజల తరఫున జవాబు అడగడానికి వచ్చినవాడు టికెట్టు కాగితాల వైపు చూశాడు. చివరికి చాలా చిన్నగా అన్నాడు. "కొడిమ్యాల."

"కొడిమ్యాలల ఎవలున్నరు?"

"మా అవ్వ."

"పోక ఎన్ని దినాలైంది?"

"రెండేండ్లు."

లీల నోరు చప్పరించింది, పెద్ద ముత్తైదువలా. ఒక కాగితం చింపి ఇచ్చింది. "జల్ది తీసుకపోతం గనీ, నడుమ దిగుతనంటే ఆపం."

బస్సు కదిలింది. కదిలిందనే చెప్పాలి. రెండు గోడల అవతల సాంచెలు గదిని ఊపుతున్నాయి. కోన్లు వణుకుతున్నాయి. దూది నలుసులు కిటికీల్లోంచి వెనక్కి పోతున్నాయి. పిల్లలు వరుసగా ఊగుతూ ఊళ్లు పిలిచారు. తెలిసిన ఊళ్లు, తెలియని ఊళ్లు, లేని ఊళ్లు. "వేములవాడ! బర్రెపల్లి! అమ్మమ్మపేట! పెద్దమనిషి గూడెం!" అతను మొదట తలుపు వైపు చూస్తూనే ఉన్నాడు. బర్రెపల్లి దాటాక చూడటం మానేశాడు. గూడెం దాటేసరికి తల మల్లన్న భుజం మీదికి వాలింది. మల్లన్న భుజం ఎంత ఉంటుందని, సగం తల గాలిలోనే నిద్రపోయింది. ఎన్ని రోజుల నిద్ర బాకీ ఉందో, నోరు తెరుచుకుంది.

"చప్పుడు జెయ్యకుండ్రి" అన్నాడు మల్లన్న, కదలకుండా. "కొడిమ్యాల ఇంక రాలే."

ఊళ్ల పేర్లు గుసగుసల్లోకి దిగాయి. షంషున్నీసా కిటికీ రెక్క దగ్గరికి వేసింది. హన్మండ్లు చేతిలో తాళం పట్టుకుని, అది పెద్దవాడి చేతిలో గిలక్కాయలా ఉందని తెలుసుకుని, చప్పుడు కాకుండా గోడ వారగా కూర్చున్నాడు. ఎంతసేపో ఎవరూ లెక్క పెట్టలేదు. ఎండ ముక్క డ్రైవరు మీంచి నడిచి, చెవిలో పెన్సిలున్న కండక్టరు మీంచి నడిచి, అతని దుమ్ము కాళ్ల మీద కూర్చుంది.

అంతలో కరెంటు పోయింది. గల్లీలోని సాంచెలన్నీ ఒక్కసారే ఆగాయి. ఆ గల్లీలో చప్పుడుకు ఎవరూ లేవరు, నిశ్శబ్దానికి లేస్తారు. అతను ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. గోడలు ఊగడం లేదు.

"కొడిమ్యాల! కొడిమ్యాల!" అని అరిచింది లీల. "దిగేటోళ్లు దిగుండ్రి!"

అతను లేచి నిలబడ్డాడు. జాగ్రత్తగా, ఒక్క కోను కూడా కదలకుండా దిగాడు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

హన్మండ్లు గోడ వారనుంచి లేచాడు. "అన్నా, మరి గా కూలిన సంగతి..."

"ఏం కూలింది?" అన్నాడతను. నిద్ర గొంతు. "బస్సు మంచిగనే నడుస్తుంది గద కాకా." పెరటి తలుపు దగ్గర ఆగి షంషున్నీసాతో, "ఇగ చీటీ రాదు" అన్నాడు. జామచెట్టు వెనకనుంచి గోడ దూకి పోయాడు. టికెట్టు జేబులోనే ఉంది.

షంషున్నీసా సుద్ద గీత మిగిలిన చోట కాలితో తుడిచింది. ఖాళీ అయిన సీటు వైపు పిల్లలందరూ చూశారు, తర్వాత అందరూ కలిసి హన్మండ్లు వైపు చూశారు.

"తాతా, గా తాళం ఇయ్యి. డిక్కీకి కావాలె" అన్నాడు పాషా.

హన్మండ్లు తాళం వైపు, గది వైపు, టీచరమ్మ వైపు చూశాడు. పంచె పైకి దోపుకుని తాళం పాషా చేతిలో పెట్టాడు. అది వాడి రెండు చేతులకూ బరువైంది.

"వేములవాడ దాక పోయి రావచ్చునా?" అని అడిగాడు హన్మండ్లు, ఖాళీ సీటులో కోన్ల మధ్య సర్దుకుంటూ. "కరెంటు అచ్చేదాక నాకు మాత్రం ఏం పనున్నది?"